చెరువు గట్టు నుంచి రేక్యావిక్ దాకా: ఈవ్ ఫ్యాన్‌ఫెస్ట్‌కి వెళ్లాలనుకునే గోదావరి వాళ్లకి గైడ్

రొయ్యల చెరువు చేసేవాడికి రాత్రి నిద్ర ఉండదని మన వైపు అందరికీ తెలుసు. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున మురిగిన మేత అన్నీ కలిసి దాన్ని లాగేసుకుంటాయి. తెల్లారగట్ల మూడు నాలుగు గంటలకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంట పోయినట్టే. అందుకని పాలకొల్లు దగ్గర మా చెరువు గట్టు మీద షెడ్డులో ఏళ్ల తరబడి రాత్రిళ్లు కాపలా కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక ఈవ్ ఆన్‌లైన్ మొదలుపెట్టాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈవ్ ఐస్‌లాండ్‌లోని సీసీపీ అనే కంపెనీ చేసిన అంతరిక్షం ఆట. 2003 మే 6న మొదలైంది. చైనా వాళ్లకి వేరే సర్వర్ ఉంది, మిగతా ప్రపంచమంతా ఒకే విశ్వంలో ఆడుతుంది. మీ ఓడ పేలిపోతే పోయినట్టే, తిరిగి రాదు. ఓడలు, తూటాలు, ఖనిజాలు దాదాపు అన్నీ ఆటగాళ్లే తయారుచేసి ఆటగాళ్లే అమ్ముకుంటారు. జీటా అనే చోట మార్కెట్ చూస్తే భీమవరంలో రొయ్య కొనేవాళ్లు గుర్తొస్తారు. అక్కడా బ్రోకర్లే, అక్కడా మోసాలే. సర్వర్ సెకనుకి ఒక్కసారే లెక్క వేస్తుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద, గట్టు మీద కూర్చుని కూడా ఆడొచ్చు. పైగా యూరప్ వాళ్లు పనులయ్యాక ఆటకి కూర్చునే వేళ మనకి అర్ధరాత్రి దాటిన వేళ. సరిగ్గా నా కాపలా టైము.

ఆ ఆటగాళ్లందరూ కలుసుకునే జాతర పేరు ఫ్యాన్‌ఫెస్ట్. 2004లో రేక్యావిక్‌లో మొదలైంది. నేను 2025లో వెళ్లాను. మే 1 నుంచి 3 దాకా, హార్పా అనే అద్దాల భవనంలో జరిగింది. వెళ్లేముందు నాకు చెప్పేవాడు లేక చేసిన తప్పులు, తర్వాత తెలిసిన కిటుకులు కింద రాస్తున్నాను. వేరే ఆట అభిమానుల సభకి వెళ్లేవాళ్లకి కూడా సగం పనికొస్తుంది. వీసా సంగతులు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి.

మొదటి మెట్టు: ఎవరి కోసం వెళ్తున్నారో తేల్చుకోండి

ఏం చూడటానికి అని కాదు, ఎవరి కోసం అని. ఎందుకంటే పెద్ద వేదిక మీద జరిగేదంతా కంపెనీ వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా లైవ్ ఇస్తారు. కొత్త ఓడల ప్రకటన, ట్రైలర్లు, ఉపన్యాసాలు అన్నీ ఇంట్లో మంచం మీద పడుకుని చూడొచ్చు. లక్షలు పోసి వెళ్లి ఆ హాల్లోనే కూర్చుంటే దండగ. నేను మొదటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని చేశాను. ముందు వరసలో సీటు కదలకుండా పట్టుకుని, సంక్రాంతి పందెం బరిలో కుర్చీ దొరికినవాడిలా కూర్చున్నాను. బయట నడవాలో నా కార్పొరేషన్ (ఆటలో జట్టుని అలా అంటారు) వాళ్లు పదకొండు మంది నా కోసం రెండు గంటలు చూసి వెళ్లిపోయారని రాత్రి తెలిసింది.

కాబట్టి వెళ్లేముందు ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి. మీరు ఏళ్లుగా గొంతు మాత్రమే విన్నవాళ్లు, మీకు మొదటి ఓడ ఇచ్చినవాళ్లు, మిమ్మల్ని వరసగా పేల్చినవాళ్లు. ఆ జాబితాలో నలుగురైనా వస్తున్నారని ఖాయం చేసుకున్నాకే టికెట్ కొనండి. ఒక్కరూ రావట్లేదంటే ఇంట్లో లైవ్ చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెండో మెట్టు: ఇంట్లో చెప్పడం

వీసా కన్నా ఇదే కష్టం. మన వైపు ఆన్‌లైన్ గేమ్ అనగానే పేకాటే గుర్తొస్తుంది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ని, డబ్బు పందెం లేని ఆటలని వేరుగా చూస్తుంది. ఆ తేడా పెద్దవాళ్లకి ముందే చెప్పండి. ఈవ్‌లో ఐస్క్ అనే డబ్బు ఉంది గానీ దాన్ని రూపాయలకి అమ్మడం నిషిద్ధం, పట్టుబడితే అకౌంట్ పోతుంది. అంటే ఇందులో సంపాదన లేదు. ఆ మాట మా నాన్నగారికి చెబితే ఊరట కలగలేదు సరికదా, ఇంకా చిరాకుపడ్డారు.

“సంపాదన కూడా లేదా? మరెందుకురా అంత దూరం?”

“మనుషుల్ని కలవడానికి నాన్నగారూ.”

“ఆ డబ్బులకి ఐదారు ఏరేటర్లొస్తాయి.”

నిజమే, వస్తాయి. వాదించి గెలవలేని మాట అది. నేను చేసిందేమిటంటే, రెండు పంటల నుంచి ఖర్చులు పోను కొంత విడిగా పక్కన పెడుతున్నానని లెక్క చూపించాను. ఈవ్ ఆటగాళ్లకి లెక్కలు రాయడం అలవాటే. దీన్ని అంతరిక్షంలో ఎక్సెల్ షీటు అని ఆటపట్టిస్తారు, ఆ జోకు ముదిరి చివరికి మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఎక్సెల్‌కే ఈవ్ యాడ్-ఇన్ తీసుకొచ్చారు. మేత ఖర్చు, సీడ్ (రొయ్య పిల్లలు) ఖర్చు రాసే అదే ఎక్సెల్‌లో ‘ఐస్‌లాండ్’ అని ఇంకో షీటు తెరిచాను. నాన్నగారు ఒప్పుకోలేదు, కానీ అడగడం మానేశారు. మా ఆవిడ మాత్రం ఒకే ప్రశ్న అడిగింది: “అక్కడ ఆడవాళ్లు కూడా వస్తారా అండీ?” వస్తారని చెప్పాను. “అయితే ఈసారి నన్ను కూడా తీసుకెళ్లాలి” అంది. ఆ బాకీ ఇంకా ఉంది.

మూడో మెట్టు: తేదీ, పంట

ఫ్యాన్‌ఫెస్ట్ ప్రతి ఏడూ ఉంటుందనుకోవద్దు. కరోనా వల్ల 2020లో ఆగిపోయింది, 2022 మేలో మళ్లీ మొదలైంది, 2023లో ఆటకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా సెప్టెంబరులో పెట్టారు, 2024లో లేదు. తేదీ ప్రకటించారా లేదా చూసుకుని అప్పుడు లెక్క మొదలుపెట్టాలి.

చెరువు ఉన్నవాళ్లకి ఇంకో లెక్క. వనామి రొయ్య మూడు నుంచి నాలుగు నెలల పంట. సభ మే మొదట్లో అయితే సీడ్ డిసెంబరు చివర, జనవరి మొదట్లో వదిలి, ఏప్రిల్ నెలలో పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మేయడం) అయిపోయేలా చూసుకోవాలి. చెరువులో సరుకు ఉండగా మనసు అక్కడ నిలవదు. నేను అలాగే వేసుకున్నాను గానీ ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాల వార్త వచ్చి రొయ్య ధర ఒక్కసారిగా పడిపోయింది. ఆగితే ధర లేస్తుందేమోనన్న ఆశ ఒక పక్క, టికెట్లు కొనేశానన్న టెన్షన్ ఇంకో పక్క. పట్టించేశాను. ఉద్యోగం చేసేవాళ్లు సెలవు కాగితం ముందే రాయించుకుంటే సరిపోతుంది, మీ బాధ చిన్నది.

నాలుగో మెట్టు: పాస్‌పోర్టు, వీసా

పాస్‌పోర్టు లేనివాళ్లు భీమవరం సేవా కేంద్రంలో చేయించుకోవచ్చు. ఉన్నవాళ్లు మూడు సంగతులు చూసుకోండి. అది గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, మీరు యూరప్ నుంచి బయటపడ్డాక కనీసం మూడు నెలలు గడువు మిగలాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఇక మన తెలుగువాళ్ల సొంత తలనొప్పి, ఇంటిపేరు. ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు తర్వాత, బ్యాంకులో పేరుకి ముందు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీగా ఉంటుంది. విమానం టికెట్, సభ టికెట్, హోటల్, ఇన్సూరెన్స్ అన్నింటి మీదా పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. మిమ్మల్ని ఆటలో అందరూ క్యారెక్టర్ పేరుతో పిలవొచ్చు, ఇమిగ్రేషన్ ఆఫీసరు పిలవడు.

ఐస్‌లాండ్ షెంజెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోది. మీ ప్రయాణంలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశం వీసాకే అప్లై చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, పదిహేను రోజుల ముందు వరకూ గడువు. కానీ పదిహేను రోజుల దాకా ఆగకండి, కనీసం రెండు నెలల ముందే వేయండి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు ఛార్జీ అదనం. అప్లికేషన్లు వీఎఫ్‌ఎస్ అనే ప్రైవేటు కంపెనీ కేంద్రాల్లో తీసుకుంటారు, మీకు దగ్గరలో ఏ ఊళ్లో ఖాళీ ఉందో చూసి అపాయింట్‌మెంట్ పట్టుకోండి. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి మనిషి వెళ్లక తప్పదు.

కాగితాల్లో జీతం ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. జీతం స్లిప్పులు, సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు పెడితే సరి. రైతులకే చిక్కు. మన ఆదాయం ఏడాదికి రెండు మూడుసార్లు ఒక్కసారిగా వచ్చి పడుతుంది, వచ్చిన నాలుగు రోజులకే మేత కొట్టుకి వెళ్లిపోతుంది. ఆ స్టేట్‌మెంటు చూసినవాడికి అనుమానం రావడం సహజం. అందుకని కవర్ లెటరులో వివరంగా రాయండి. ఎన్ని ఎకరాలు, పంట ఎన్ని నెలలు, ఫలానా తేదీన పడ్డ పెద్ద మొత్తం ఫలానా పట్టుబడి డబ్బు అని. రొయ్య కొన్నవాళ్ల బిల్లులు, లీజు కాగితం, సొంత పొలమైతే పట్టాదారు పాసుపుస్తకం కాపీ ఇంగ్లీషు అనువాదంతో జతచేయండి. తిరిగొస్తారని నమ్మించేది ఆ భూమే. వెళ్లే కారణం దాచొద్దు. ‘ఆట అభిమానుల సభకి వెళ్తున్నాను’ అని సూటిగా రాసి టికెట్ రసీదు పెట్టండి. టూరిస్టు అని రాసి మూడు రోజులూ ఒకే హోటల్ చూపిస్తేనే వింతగా ఉంటుంది.

ఇన్సూరెన్స్ దగ్గర నేను దెబ్బతిన్నాను. షెంజెన్‌కి వైద్య ఖర్చుల కవర్ కనీసం 30,000 యూరోలు ఉండాలి, షెంజెన్ దేశాలన్నింటికీ వర్తించాలి, ఉన్న రోజులన్నీ కవరవ్వాలి. మా దగ్గర ఒక ఏజెంటు ‘అంతా నేను చూసుకుంటాను కదండీ’ అని చేతిలో పెట్టిన పాలసీలో తిరుగు ప్రయాణం రోజు లేదు. కౌంటర్ దగ్గర పట్టుకున్నారు. అప్పటికప్పుడు ఫోన్‌లో ఇంకోటి కొని ప్రింటు కోసం ఎండలో జిరాక్సు షాపులు వెతుక్కుంటూ తిరిగాను.

ఐదో మెట్టు: టికెట్, గది

సభ టికెట్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. గది మాత్రం తేదీలు ప్రకటించిన వారంలోనే పట్టుకోవాలి. సంక్రాంతికి భీమవరంలో లాడ్జి గది దొరకడం ఎలాంటిదో మనకి చెప్పక్కర్లేదు. రేక్యావిక్ చిన్న ఊరు, మే నుంచి టూరిస్టులు పెరుగుతారు. నలుగురు కార్పొరేషన్ వాళ్లు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటే హోటల్లో సగం అవుతుంది, వంట చేసుకోవచ్చు. హార్పాకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే చాలు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గదినే బుక్ చేయండి, వీసా రాకపోతే కనీసం అదైనా మిగులుతుంది. నాకు అన్నీ కలిపి మూడు లక్షలకి కాస్త అటూ ఇటూ అయ్యింది. అందులో విమానం తర్వాత పెద్ద ఖర్చు ఉండటానికే.

ఆరో మెట్టు: దారి

మన దగ్గర్నుంచి హైదరాబాద్ చేరడం తెలిసిందే. పాలకొల్లు, భీమవరం వాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్, కాకినాడ, రాజమండ్రి వాళ్లకి గౌతమి, తొందర ఉన్నవాళ్లకి మధురపూడి నుంచి విమానం. అమలాపురం వాళ్లకి షరా మామూలే. కోటిపల్లి-నర్సాపురం లైను ఎప్పటికి పూర్తవుతుందో గానీ, అంతవరకూ బస్సెక్కి రావులపాలెం మీదుగా రావాల్సిందే. రైలు లేటవుతుందని గుర్తుంచుకుని విమానానికి ముందు రోజే హైదరాబాద్ చేరండి.

మన దేశం నుంచి ఐస్‌లాండ్‌కి నేరు విమానం లేదు, యూరప్‌లో ఒకచోట మారాలి. లండన్ మీదుగా చవగ్గా కనిపిస్తుంది, ఆశపడొద్దు. షెంజెన్ టూరిస్టు వీసా బ్రిటన్‌లో పనిచేయదు, మన పాస్‌పోర్టుకి ట్రాన్సిట్ వీసా విడిగా అడుగుతారు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి షెంజెన్ ఊరి మీదుగా వెళ్తే గొడవ లేదు. అక్కడే ఇమిగ్రేషన్ అయిపోతుంది, ఆ తర్వాత ఐస్‌లాండ్‌లో దిగితే లోకల్ విమానం దిగినట్టే. కాకపోతే ఆ ఇమిగ్రేషన్ లైను పొడుగ్గా ఉంటుంది. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి కూడా మొదలుపెట్టారు. విమానానికి విమానానికి మధ్య మూడు గంటలైనా ఉంచుకోండి. కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి ఊరు సుమారు 50 కిలోమీటర్లు, బస్సులో ముప్పావుగంట.

చెరువు కాపలా వాళ్లకి ఒక లాభం ఉంది, జెట్‌లాగ్ తెలియదు. మన ఒళ్లు ఎప్పటి నుంచో యూరప్ టైములోనే ఉంది. ఇంకో తమాషా. ఆటలో గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), ఐస్‌లాండ్ గడియారం కూడా ఏడాది పొడుగునా యూటీసీయే. ఏళ్లుగా ఐదున్నర గంటలు కలుపుకుంటూ తీసేసుకుంటూ బతికినవాడికి గోడ మీద గడియారం, ఆటలో గడియారం ఒకటే చూపిస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో!

ఏడో మెట్టు: పెట్టెలో ఏం సర్దాలి

మేలో మనం వడగాలికి తలుపులు వేసుకుంటాం. అక్కడ నేనున్న రోజుల్లో పది డిగ్రీలు దాటలేదు. చలి కన్నా గాలి బాధ. హార్పా సముద్రం ఒడ్డునే ఉంటుంది, ఆ గాలికి గొడుగు నిలవదు, తీసుకెళ్లకండి. గాలి, వాన ఆపే జాకెట్ ఒకటి, లోపల ఉన్ని బట్ట, చెవులు మూసే టోపీ చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది, కళ్లకి కట్టుకునే గుడ్డ పెట్టుకోండి. ఫోన్ చార్జర్ రెండు పిన్నులది అక్కడ పడుతుంది. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి.

నోట్లు దాదాపు అక్కర్లేదు, అన్నిచోట్లా కార్డే. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పిన్ గుర్తుంచుకుని వెళ్లండి. నీళ్ల బాటిళ్లు కొనొద్దు, కుళాయి చన్నీళ్లు మన మినరల్ వాటర్ కన్నా బాగుంటాయి. వేడినీళ్లకి మాత్రం కోడిగుడ్డు వాసన వస్తుంది, భూమిలోంచి వస్తాయి కాబట్టి. భయపడక్కర్లేదు.

తిండికి ఆవకాయ, కందిపొడి, కాస్త బియ్యం పెట్టుకుంటే అపార్ట్‌మెంట్లో గడిచిపోతుంది. బయట తిండి ఖరీదు. అక్కడి ఫేమస్ హాట్‌డాగ్‌లో గొర్రె మాంసంతో పాటు పంది, ఎద్దు మాంసం కూడా కలుస్తుంది, పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకుని తినండి. మన వాళ్లకి నచ్చేది హార్డ్‌ఫిస్కూర్. అచ్చంగా ఎండు చేప. వాళ్లు వేయించరు, కూర వండరు, వెన్న రాసుకుని నములుతారు. నేను ఆవకాయ నంజుకుని తిన్నాను. పక్కనున్న డెన్మార్క్ అతను కూడా అడిగి పెట్టించుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం కావాలన్నాడు.

ఎనిమిదో మెట్టు: బయల్దేరే ముందే మనుషుల్ని ఖాయం చేసుకోండి

నేను చేయనిదీ, మీరు తప్పక చేయాల్సిందీ ఇదే. నెల ముందు నుంచే మీ డిస్కార్డ్‌లో (ఆటగాళ్లు మాట్లాడుకునే యాప్) ఎవరెవరు వస్తున్నారో అడిగి, రోజుకి ఒక టైము, ఒక చోటు అనుకోండి. ‘అక్కడ కలుద్దాం’ అనుకుంటే ఎవరూ కలవరు. ‘మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండుకి, కింది అంతస్తులో మెట్ల దగ్గర’ అనుకుంటే కలుస్తారు. బ్యాడ్జి మీద క్యారెక్టర్ పేరు పెద్ద అక్షరాలతో కనిపించాలి, అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. కార్పొరేషన్ గుర్తు ఉన్న టీషర్టు హైదరాబాద్‌లో కుట్టించుకుని వెళితే దూరం నుంచే పిలుస్తారు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. వచ్చేవాళ్లలో చాలామందికి అది మాతృభాష కాదు. నేను మూడు విషయాలు ముందే ఇంగ్లీషులో చెప్పుకుని ప్రాక్టీసు చేశాను: ఆటలోకి ఎలా వచ్చాను, నా పెద్ద నష్టం ఏది, మా ఊళ్లో నేనేం చేస్తాను. మొదటి రెండూ ఎవరికీ అక్కర్లేదు, వాళ్ల దగ్గరా అలాంటివి బోలెడున్నాయి. మూడోది మొదలుపెడితే మాత్రం చుట్టూ మూగారు. అర్ధరాత్రి చెరువు, ఆక్సిజన్ మీటరు, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. “ఫ్లీట్ మధ్యలో నువ్వు మాయమయ్యేది అందుకా!” అన్నాడొకడు. ఫ్లీట్ అంటే ఆటలో అందరం ఓడలతో కలిసి వెళ్లే దండు. రెండేళ్లుగా నన్ను పిరికివాడనుకుంటున్నాడట.

ఇంకో సంగతి నాకు తెలియనే తెలియదు. ఫ్లీటు అయ్యేసరికి మనకి నాలుగున్నర అవుతుంది, షెడ్డు వెనక మా పుంజు కూత మొదలుపెడుతుంది. నేను మైకు ఆపడం మర్చిపోయేవాణ్ని. రెండో రోజు పొద్దున మెట్లు దిగుతుంటే ఒక ఫిన్లాండ్ ఆటగాడు నా బ్యాడ్జి చదివి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని హార్పా మొత్తం వినిపించేలా కోడి కూత కూశాడు. నడవాలో ఇంకో ఐదుగురు అందుకున్నారు. నా క్యారెక్టర్ పేరు కన్నా వాళ్లకి మా పుంజే బాగా గుర్తు.

తొమ్మిదో మెట్టు: ఆ మూడు రోజులు

పెద్ద ప్రకటనల సభ ఒక్కటి లోపల కూర్చుని చూడండి, ఆ అరుపులు ఇంట్లో దొరకవు. మిగతా ఉపన్యాసాలు లైవ్‌కి వదిలేయండి. మీ సమయం రౌండ్‌టేబుళ్లకి పెట్టండి. చిన్న గదిలో ఆట తయారుచేసేవాళ్లు ఒక పక్క, ఇరవై ముప్పై మంది ఆటగాళ్లు చుట్టూ. సాధారణంగా ఇవి లైవ్‌లో రావు. ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిల్ కూడా ఈ ఆటకి ఉంది, 2008 నుంచి నడుస్తోంది. ఆ సభ్యులు కూడా అక్కడే తిరుగుతుంటారు, ఆపి మాట్లాడొచ్చు. మన దగ్గర ఎమ్మెల్యేని పట్టుకోవడం కన్నా సులువు.

ప్రశ్న అడగాలంటే ఒకటే, క్లుప్తంగా, మీ అనుభవంతో అడగండి. మార్కెట్ గురించిన రౌండ్‌టేబుల్‌లో నేను చేయెత్తి రొయ్యల సంగతి చెప్పాను. వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) ధర బాగుందని తెలిస్తే మా జిల్లా అంతా ఒకేసారి సీడ్ వదులుతుంది, మూడు నెలలకి అందరూ ఒకేసారి పట్టి ధర పడగొట్టుకుంటారు. ఆటలో ఖనిజాలకీ అదే జరుగుతోంది, కొత్తగా వచ్చేవాళ్లకి ఎంత సరుకు తయారవుతోందో ముందే కనిపించే మార్గం ఉందా అని అడిగాను. ఆట ఆర్థిక వ్యవస్థ చూడటానికి 2007లోనే ఒక ఆర్థికవేత్తని ఉద్యోగంలో పెట్టుకున్న కంపెనీ ఇది, అలాంటి ప్రశ్నలంటే వాళ్లకి ఇష్టం. సమాధానం పెద్దగా రాలేదు గానీ, గది బయట గంటసేపు మాటలు నడిచాయి.

సాయంత్రం పబ్ క్రాల్ ఉంటుంది. కంపెనీ ఉద్యోగి ఒకరు ముందు నడుస్తారు, ఒక గుంపు వెనక నడుస్తుంది, బారు నుంచి బారుకి. తాగనివాళ్లు కూడా తప్పకుండా వెళ్లండి, చేతిలో కోక్ ఉంటే చాలు, ఎవరూ బలవంతం చేయరు. ఈ దేశంలో 1989 మార్చి 1 దాకా బీరు నిషేధమని అక్కడే ఒకరు చెప్పారు. మా దగ్గర 1995లో మద్యనిషేధం పెట్టి రెండేళ్లకే ఎత్తేశారని నేను చెప్పాను. ఎక్కువ మాటలు ఇలాగే ఉంటాయి, ఆట గురించి తక్కువ.

ఆట గురించి తక్కువ ఉండటమే మంచిది కూడా. ఈవ్‌లో గూఢచర్యం నేరం కాదు, ఆటలో భాగం. పబ్బులో మీ భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నవాడు శత్రు అలయన్స్ (కార్పొరేషన్ల కూటమి) వాడు కావచ్చు. ఎప్పుడు ఎవరి మీద దాడి, మీ స్ట్రక్చర్ల టైమర్లు (మీ స్థావరాలు ఎప్పుడు దాడికి దొరుకుతాయో), డబ్బు ఎక్కడ దాచారో ఒక్క ముక్క కూడా నోరు జారొద్దు. ఫోన్‌లో డిస్కార్డ్ తెరిచి బల్ల మీద పెట్టొద్దు. ఫొటో తీసేముందు అడగండి, ఇంట్లో వాళ్లకి చెప్పకుండా వచ్చినవాళ్లూ ఉంటారు. శత్రువులు అంటే భయమొద్దు. నా జీవితంలో అతి ఖరీదైన ఓడని పేల్చినవాడు ఎదురుపడి, నా పేరు చూసి, నాకు కాఫీ కొనిపెట్టాడు. ఆ ఓడ విలువకి కాఫీ చాలదని చెప్పాను, కేకు కూడా కొన్నాడు.

పదో మెట్టు: ఒక పూట ఊరికి

పాత హార్బర్ దగ్గర ఈవ్ స్మారకం ఉంది. 2014లో పెట్టారు, అప్పుడు ఆడుతున్నవాళ్ల క్యారెక్టర్ల పేర్లన్నీ దాని మీద చెక్కారు. మీ పాత స్నేహితుడి పేరు వెతకడానికి ఓపిక కావాలి, చిన్న అక్షరాలు. సాయంత్రాలు వేడినీళ్ల ఈత కొలనులకి వెళ్లొచ్చు. ఒక హెచ్చరిక: కొలనులో దిగేముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేయాలి, అందరి ముందూ, తప్పదు. మగవాళ్లకి, ఆడవాళ్లకి వేరువేరు గదులే అనుకోండి. పుష్కరాల్లో కూడా తువ్వాలు వదలని మనిషిని నేను. పది నిమిషాలు గోడవైపు తిరిగి నిలబడి, చివరికి దిగాను.

తిరిగొచ్చాక

ఖర్చుల షీటు వెంటనే పూర్తి చేయండి, వీసా కాగితాలు, బోర్డింగ్ పాసులు ఒక కవరులో దాచండి. మళ్లీ అప్లై చేసేటప్పుడు మొదటిసారి చెప్పిన మాట ప్రకారం తిరిగొచ్చారని చూపించడానికి పనికొస్తాయి. కలిసినవాళ్లకి వారంలోపే ఒక మెసేజ్ పెట్టండి, ఆ తర్వాత పేరుకి ముఖం గుర్తురాదు. జెట్‌లాగ్ వెళ్లేటప్పుడు రాలేదు గానీ వచ్చాక పట్టుకుంది. పగలు మెలకువగా ఉండాల్సి రావడమే దానికి కారణమనుకుంటా.

నేనొస్తున్నానని మా అమ్మ పుంజు కూర వండింది. బాగా తిన్నాక అడిగాను, ఎక్కడిదని. షెడ్డు వెనకదే అంది. ఆ సంగతి చానల్‌లో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఈవ్‌లో ఎవరైనా పోతే అందరూ సైనోలు (ఓడల మీద దీపాల్లా వెలిగే సంకేతాలు) వెలిగించి నిలబడటం ఆచారం. ఆ రాత్రి మూడున్నరకి, నేను ఆక్సిజన్ మీటరు చూసి వచ్చి కూర్చునేసరికి, ఆటలో మేముండే నక్షత్రం చుట్టూ నలభై సైనోలు వెలుగుతున్నాయి.